‘ఫ్లికర్స్’ను మళ్ళీ చూస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

‘ఫ్లికర్స్’ అంటే ఏ ధారావాహిక? ఎవరు తీశారు?

1980లో బ్రిటన్‌లోని ఐటీవీ ఛానెల్‌లో ప్రసారమైన ఆరు భాగాల ధారావాహిక ఇది. ఏటీవీ సంస్థ నిర్మించింది. రచన రాయ్ క్లార్క్, దర్శకత్వం సిరిల్ కోక్, నిర్మాత జోన్ బ్రౌన్. ప్రధాన పాత్రలు బాబ్ హాస్కిన్స్, ఫ్రాన్సెస్ డి లా టూర్ పోషించారు. 1982లో అమెరికాలోని మాస్టర్‌పీస్ థియేటర్ కార్యక్రమంలో కూడా వచ్చింది. నవ్వించే నాటకమే అయినా పక్కన రికార్డు చేసిన నవ్వులు వినిపించే రకం కాదు. కథ ముందుకు సాగుతుంది, మనుషులు మారుతారు.

కథ ఏమిటి? ముందే తెలిస్తే ఆసక్తి పోతుందా?

పోదు. మొదటి భాగంలోనే బయటపడే విషయాలు మాత్రం చెబుతాను. ఆర్నీ కోల్ మూకీ సినిమాల తొలినాళ్ళలో ఊరూరా తిరిగి సినిమా బొమ్మలు ఆడించే మనిషి. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు, మర్యాదస్తుల ఇళ్ళలో కూర్చోదగిన మాటతీరూ లేదు. ఇతరులు తీసిన బొమ్మలను చూపించడంతో అతనికి తృప్తి లేదు, తానే తీయాలని పట్టుదల. మాడ్ సంపన్న కుటుంబపు స్త్రీ. వయసు మీరినా పెళ్ళి కాలేదు, అయినా గర్భవతి. ఆ కాలపు సమాజంలో తలెత్తుకు తిరగాలంటే ఆమెకు భర్త అనే పేరు కావాలి, అతనికి పెట్టుబడి కావాలి. ఇద్దరూ బేరం కుదుర్చుకున్నట్టే పెళ్ళి చేసుకుంటారు. ఆ తర్వాత సినిమా తీయడం ఒక పోరాటం, ఒకే కప్పు కింద బతకడం మరో పోరాటం.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూడవలసినంత ఏముంది ఇందులో?

తొలినాటి సినిమా మీద వచ్చిన కథలు చాలావరకు కళాకారుడిని పట్టుకుంటాయి. ఒక మేధావి, అతని దృష్టిలో ఒక కొత్త కళ, లోకం అర్థం చేసుకోకపోవడం, చివరికి గుర్తింపు. ‘ఫ్లికర్స్’ ఆ దారి పట్టలేదు. ఇది వ్యాపారి కథ. టిక్కెట్టు కొన్న జనం లేచి వెళ్ళిపోతారేమోనని భయపడే మనిషి కథ. అప్పు ఎక్కడ పుడుతుంది, ఎండ ఎప్పుడు వస్తుంది, నటుడు రేపు తాగకుండా వస్తాడా అన్న చింతల్లోంచే సినిమా పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకాన్ని ఇంత ప్రేమగా, ఇంత మొరటుగా చెప్పిన టీవీ నాటకం నాకు మరొకటి కనబడలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. పెళ్ళి కథనూ సినిమా కథనూ రాయ్ క్లార్క్ రెండు వేర్వేరు దారాలుగా నడపలేదు. అవసరం కొద్దీ కలిసిన ఇద్దరు మనుషులు, ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉండటం, పైకి లెక్కలు, లోపల నెమ్మదిగా పెరిగే గౌరవం. తొలినాళ్ళలో సినిమా, పెట్టుబడి కలిసిన తీరు కూడా ఇదే. పెళ్ళిలో గొడవ జరిగిన ప్రతిసారీ ఆ గొడవ సినిమా గురించి కూడా అని అనిపిస్తుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు తట్టకపోవచ్చు, రెండోసారి స్పష్టంగా కనబడుతుంది.

ఆర్నీ కోల్ నిజంగా ఉన్న మనిషా?

కాదు, కల్పిత పాత్ర. కానీ అతని వంటివాళ్ళు బ్రిటన్‌లో చాలామంది ఉండేవారు.

లండన్‌లో ఫ్రాన్స్‌కు చెందిన తొలి చిత్రకారులు లూమియర్ సోదరుల సినిమా బొమ్మలు 1896 ఫిబ్రవరిలో రీజెంట్ స్ట్రీట్‌లోని పాలిటెక్నిక్‌లో మొదటిసారి జనం చూశారు. కొద్ది కాలానికే ఆ వింత సంతల్లోకి వచ్చింది. రంగులరాట్నాల పక్కన గుడారాలు లేచాయి. ముందు వేదిక మీద డప్పులు, నర్తకీమణులు, ఆవిరి యంత్రంతో మోగే పెద్ద వాద్యం, లోపల తెర. ప్రదర్శకుడు సరుకును, అంటే రీళ్ళను, నేరుగా తయారీదారు దగ్గర కొనేవాడు. అద్దె పద్ధతి ఇంకా స్థిరపడలేదు. బట్టల కొట్లో గజాల లెక్కన గుడ్డ అమ్మినట్టు సినిమాను అడుగుల లెక్కన అమ్మేవారు. కొన్న రీలు అరిగి చినిగేదాకా ఊరూరా తిప్పేవారు.

ఈ వ్యాపారాన్ని కళ్ళకు కట్టే ఉదాహరణ బ్లాక్‌బర్న్ పట్టణానికి చెందిన సాగర్ మిచెల్, జేమ్స్ కెన్యన్‌ల సంస్థ. సంత ప్రదర్శకులు వాళ్ళను పిలిపించి ఊళ్ళోని బట్టల మిల్లు గేటు దగ్గర కెమెరా పెట్టించేవారు. పని ముగించుకుని బయటికి వచ్చే వందలాది కార్మికులను చిత్రీకరించి, కడిగి, ప్రింటు తీసి ఆ ఊళ్ళోనే ఆడించేవారు. తన ముఖం తెర మీద చూసుకోవడానికి మిల్లు మొత్తం తరలివచ్చేది. కెమెరాలో ఎన్ని ముఖాలు పడితే అన్ని టిక్కెట్లు. ఇంత తెలివైన ప్రచారం ఆ తర్వాత కూడా అరుదు.

ఆ రీళ్ళు ఏమయ్యాయో దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. 1994లో బ్లాక్‌బర్న్‌లో పాత దుకాణం నేలమాళిగలో పనివాళ్ళకు లోహపు పీపాలు దొరికాయి. వాటిలో సుమారు 800 నెగటివ్‌లు ఉన్నాయి. తర్వాత బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాటిని భద్రపరిచింది. కెమెరా వైపు చేయి ఊపే పిల్లలు, సిగ్గుపడి శాలువా ముఖానికి అడ్డుపెట్టుకునే అమ్మాయిలు అంత తేటగా కనబడతారని ఎవరూ ఊహించలేదు. ‘ఫ్లికర్స్’ తీసినప్పటికి ఈ నిధి ఇంకా వెలుగు చూడలేదు. అయినా ఆర్నీ ఆలోచనలు వీళ్ళ ఆలోచనలకు చాలా దగ్గరగా ఉంటాయి. రాయ్ క్లార్క్ ఆ మనుషుల స్వభావాన్ని ఎంత సరిగ్గా పట్టుకున్నాడో దీన్ని బట్టి చెప్పవచ్చు.

సినిమా తీయడానికి అంత డబ్బు అవసరమయ్యేదా? మాడ్ ఆస్తి అంత కీలకమా?

కాలాన్ని బట్టి ఉంటుంది. 1905లో తొలితరం బ్రిటిష్ నిర్మాత సెసిల్ హెప్‌వర్త్ తీసిన ‘రెస్క్యూడ్ బై రోవర్’ చూడండి. ఎత్తుకుపోయిన పసిపాపను పెంపుడు కుక్క వెతికి పట్టుకోవడం కథ. హెప్‌వర్త్, ఆయన భార్య, ఆయన పాప, ఆయన కుక్క, అందరూ అందులో నటించారు. అయిన ఖర్చు 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలు (అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). నిడివి 425 అడుగులు, అడుగు ఆరు పెన్నీలు. అంటే ఒక్కో ప్రింటు 10 పౌండ్ల 12 షిల్లింగుల 6 పెన్నీలకు అమ్ముడుపోయింది. ఒక్క ప్రింటుతోనే పెట్టుబడి తిరిగి వచ్చి లాభం మిగిలింది. అమ్ముడైనవి 395 ప్రింట్లు! ప్రింట్లు తీసీ తీసీ నెగటివ్ అరిగిపోతే, అదే సినిమాను మళ్ళీ మొదటి నుంచి తీశారు. అది కూడా అరిగిపోతే మూడోసారి తీశారు.

ఇలాంటి లెక్కలు చూసే ఆర్నీ వంటివాళ్ళకు ఆశ పుట్టింది. కానీ కొద్ది ఏళ్ళలోనే జనం రుచి మారింది. ఏడు నిమిషాల కుక్క కథ చాలలేదు. పేరున్న నటులు, సెట్టింగులు, ఎక్కువ రీళ్ళు కావాల్సి వచ్చాయి. లండన్‌లోని ఈలింగ్‌లో స్టూడియో నడిపిన విల్ బార్కర్ 1911లో హెన్రీ 8 నాటకాన్ని తెరకెక్కించినప్పుడు, రంగస్థల దిగ్గజం హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీకి ఒక రోజు నటనకు వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ సినిమాను అమ్మలేదు. 20 ప్రింట్లు మాత్రమే తీసి అద్దెకు ఇచ్చాడు. ఆరు వారాలు కాగానే వాటిని వెనక్కి తెప్పించి బహిరంగంగా తగలబెట్టాడు. అరిగిన ప్రింటు చవగ్గా మరెక్కడా ఆడదని థియేటర్ల వాళ్ళకు హామీ ఇవ్వడానికే ఆ మంట. ఈనాడు ఆ సినిమా మనకు లేదు. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కానీ ఆ రోజు బార్కర్ మనసులో ఉన్నది వచ్చే శతాబ్దం కాదు, వచ్చే వారం వసూళ్ళు.

ఏడు పౌండ్లకూ వెయ్యి పౌండ్లకూ మధ్య ఉన్న ఆ అగాధాన్ని దాటాలంటే ఆర్నీకి సంతల్లో పోగుచేసిన చిల్లర సరిపోదు. మాడ్ అవసరం అక్కడే పడుతుంది.

అప్పటి చిత్రీకరణ ఎలా సాగేది? ధారావాహిక చూసేటప్పుడు ఏవి గమనించాలి?

మొదట వెలుతురు. విద్యుద్దీపాలు ఖరీదైనవి, బలహీనమైనవి. అందుకే స్టూడియోలకు గాజు పైకప్పులు ఉండేవి, లేదా తోటలో చెక్క వేదిక వేసి దాని మీదే గది సెట్టింగు నిలబెట్టేవారు. గాలికి గోడలు ఊగేవి. ఇంగ్లండు వాతావరణం తెలిసినదే కదా, మబ్బు పట్టిందంటే నటుల కూలి దండగ.

రెండోది చేతి వేగం. కెమెరాకు పిడి ఉండేది. సెకనుకు రెండు చుట్లు తిప్పాలి, చుట్టుకు ఎనిమిది చట్రాలు (ఫ్రేములు), అంటే సెకనుకు 16. ఆ లెక్కన వెయ్యి అడుగుల రీలు పదహారు నిమిషాలకు పైగా వచ్చేది. లయ తప్పకుండా తిప్పడం కోసం కెమెరామన్ మనసులో పాట పాడుకునేవాడు. గొప్ప కెమెరామన్‌కు కంటి కంటే ముందు మణికట్టు ఉండాలి.

మూడోది రంగు. ఆనాటి ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి పెదవులు నల్లగా పడతాయి, నీలాకాశం తెల్లగా వెలిసిపోతుంది, లేత నీలి కళ్ళు గాజు కళ్ళలా భయపెడతాయి. ముఖాలకు అంత దట్టంగా రంగులు పూసింది అందుకే. సొగసు కోసం కాదు.

మూకీ సినిమాల్లో మనుషులు అంత గబగబా ఎందుకు నడుస్తారు?

తీసిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఆడించడం వల్ల. 16 చట్రాల లెక్కన తీసినదాన్ని 24 చట్రాల యంత్రంలో వేస్తే ఎవరైనా ఉరుకుతారు. సరైన వేగంతో చూస్తే ఆ నటుల నడకలో హుందాతనం కనబడుతుంది.

మంటల భయం నిజమేనా, లేక నాటకీయతా?

ముమ్మాటికీ నిజం. ఆనాటి సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్ము ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. దానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉంటుంది. 1897లో పారిస్‌లో ఒక దాతృత్వ సంత సినిమా ప్రదర్శనలో దీపపు ఈథర్ వల్ల రేగిన మంటలో 120 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్‌లో 1909 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది మంటల జాగ్రత్త కోసమే. యంత్రం ఉన్న గదిని ప్రేక్షకుల నుంచి వేరు చేయాలని, హాలుకు లైసెన్సు ఉండాలని ఆ చట్టం చెప్పింది. గుడారాల ప్రదర్శకులకు ఇది పెద్ద దెబ్బ. శాశ్వత హాళ్ళు లేచాయి, సంతల బయోస్కోపులు వెనకబడ్డాయి. బొమ్మలు ఆడించే మనిషి బొమ్మలు తీయడానికి తొందరపడటంలో ఈ చట్టం ఒత్తిడి కూడా ఉందని గుర్తుపెట్టుకుంటే ఆర్నీ ఆరాటం మరింత అర్థమవుతుంది.

మాడ్ పాత్ర నమ్మదగినదేనా? ఆ రోజుల్లో స్త్రీలకు సినిమా వ్యాపారంలో చోటుండేదా?

ఉండేది, పేర్లు మాత్రం తెర వెనకే ఉండిపోయాయి. ‘రోవర్’ కథ రాసింది హెప్‌వర్త్ భార్య మార్గరెట్. ఇంగ్లండు దక్షిణ తీరంలోని హోవ్‌లో తొలినాటి దర్శకుడు జి.ఎ. స్మిత్ తీసిన చిన్న చిత్రాల్లో ఆయన భార్య లారా బెయిలీ నటించింది. ఆమెకు అంతకు ముందే రంగస్థల అనుభవం ఉంది కాబట్టి నవ్వించే సమయం ఎలా పట్టాలో ఆమెకు బాగా తెలుసు. ఆ సినిమాల్లో ఆమె చేర్పు ఎంతో ఇప్పటికైనా మాట్లాడుకోవాలి. 1910 నుంచి వచ్చిన టిల్లీ చిత్రాల్లో ఆల్మా టేలర్, క్రిస్సీ వైట్ అల్లరి పిల్లలుగా పెద్దల లోకాన్నంతా తలకిందులు చేశారు. సంసారం, సంస్థ ఒకే వంటగదిలో నడిచిన రోజులవి.

మాడ్‌లో నాకు నచ్చేది ఆమె జాలిని కోరకపోవడం. ఆ కాలంలో ఆమె స్థితిలో ఉన్న స్త్రీని రచయితలు సాధారణంగా ఏడిపిస్తారు, లేదా చంపేస్తారు. ఇక్కడ ఆమె తన అవసరాన్ని తానే బేరం పెట్టింది, షరతులు తానే చెప్పింది. ఆర్నీ మొరటుతనం ఆమెకు అసహ్యం కలిగిస్తుంది కానీ భయం కలిగించదు. ఆమె చదువు, పదును, చూపు లేకపోతే ఆర్నీ ఆరాటం ఆరాటంగానే మిగిలిపోయేది. ఆరు భాగాలూ చూశాక ఈ ధారావాహిక ఎవరిది అని అడిగితే, నా జవాబు మాడ్‌దే.

నటులు ఎలా చేశారు?

హాస్కిన్స్ అప్పటికి రెండేళ్ళ ముందు, 1978లో, బీబీసీ ‘పెన్నీస్ ఫ్రమ్ హెవెన్’లో పాటల పుస్తకాలు అమ్ముకుంటూ తిరిగే మనిషిగా దేశాన్ని కట్టిపడేశాడు. నటనలో శిక్షణ పొందినవాడు కాదు. స్నేహితుడి వెంట నాటక సంస్థకు వెళ్ళి అనుకోకుండా పాత్ర సంపాదించాడు. ఆర్నీలో కనబడే ఆకలి, చొరవ, ఎవరి ముందూ తగ్గని గొంతు అతనికి సహజం. పొట్టి మనిషి, కానీ చట్రమంతా తానే నిండిపోతాడు.

డి లా టూర్‌ను అప్పటి బ్రిటన్ ‘రైజింగ్ డ్యాంప్’లోని మిస్ జోన్స్‌గా గుర్తుపట్టేది. ఈ తరం వాళ్ళు హ్యారీ పాటర్ చిత్రాల్లో మదాం మాక్సీమ్‌గా చూసి ఉంటారు. ఆమె పొడుగు, అతని పొట్టితనం పక్కపక్కనే నిలబడితే సగం హాస్యం అక్కడే పుడుతుంది. మిగతా సగం ఆమె కనుబొమల్లో ఉంది. ఒక వాక్యం మధ్యలో ఆమె ఆగే తీరు చూడండి. ఎదుటివాడు తన తప్పు తానే తెలుసుకునేదాకా ఆగుతుంది.

లోపాలు లేవా?

ఉన్నాయి. మాటలు ఎక్కువ. మూకీల గురించిన కథలో కెమెరా ఇంకొంచెం మాట్లాడాల్సింది. కొన్ని ఇంటి లోపలి సన్నివేశాలు రంగస్థలం మీద జరుగుతున్నట్టు ఉంటాయి. ఆ కాలపు బ్రిటిష్ టీవీ నాటకాలకు అది సాధారణమే. మధ్య భాగాల్లో కొన్ని తగవులు ఒకే చోట తిరుగుతాయి. అయినా ఓపిక పట్టండి.

యాస అర్థమవుతుందా?

లండన్ కార్మికుల యాస మొదట్లో కొరుకుడు పడదు. ఒక భాగం గడిచేసరికి చెవి అలవాటు పడుతుంది.

1980లోనే ఇలాంటిది ఎందుకు వచ్చింది?

ఆ ఏడాది బ్రిటన్‌లో మూకీలకు రెండో పుట్టుక లాంటిది జరిగింది. కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ రూపొందించిన 13 భాగాల ‘హాలీవుడ్’ డాక్యుమెంటరీ థేమ్స్ టెలివిజన్‌లో వచ్చింది. అదే ఏడాది నవంబరులో లండన్‌లో ఆబెల్ గాన్స్ తీసిన మూకీ చిత్రం ‘నెపోలియన్’ను కార్ల్ డేవిస్ సంగీతంతో, హాల్లోనే ఆర్కెస్ట్రా వాయిస్తుండగా ప్రదర్శించారు. తొలినాటి సినిమాల్లో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా బతికి ఉన్న కాలం అది. వాళ్ళు వెళ్ళిపోకముందే వినాలన్న తపన అప్పటి టీవీ వాళ్ళలో కనబడుతుంది.

మన తెలుగు సినిమాకు ఈ కథతో సంబంధం ఉందా?

నేరుగా ఉంది, అందుకే ఈ ధారావాహిక నన్ను ఇంతగా పట్టుకుంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. గ్రామఫోను శబ్దంతో కలిపి బొమ్మలు ఆడించే యంత్రం అది. దానితో దక్షిణాది ఊళ్ళు, బర్మా, సిలోన్ తిరిగాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. ఆర్నీ లాగే ఆయనకూ చూపించడంతో తృప్తి కలగలేదు. సినిమా తీయడం నేర్చుకోమని కొడుకు ప్రకాశ్‌ను విదేశాలకు పంపాడు. ప్రకాశ్ లండన్‌లో శిక్షణ పొందింది ఈలింగ్‌లోని బార్కర్ సంస్థలో. పైన చెప్పుకున్న, ప్రింట్లు తగలబెట్టిన ఆ విల్ బార్కర్ స్థాపించినదే. తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పెట్టి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు.

దాదాసాహెబ్ ఫాల్కే కూడా 1912లో లండన్ వెళ్ళి వాల్టన్‌లో హెప్‌వర్త్‌ను కలిశాడు, విలియమ్సన్ కెమెరా కొని తెచ్చాడు. ఆ పేరు హోవ్‌లో మందుల దుకాణం నడుపుతూ సినిమాలు తీసిన జేమ్స్ విలియమ్సన్‌ది.

వెంకయ్య జీవితంలో ఆర్నీ కథ కంటే తక్కువ నాటకం లేదు. దాన్ని ఇదే ప్రేమతో, ఇదే వివరంతో ఆరు భాగాలుగా తీసేవాళ్ళు మనలో రావాలని నా కోరిక.

ఆ బ్రిటిష్ మార్గదర్శకులు చివరికి ఏమయ్యారు?

ఎక్కువమంది నిలబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా చిత్రాలు తెరలను ఆక్రమించాయి. లండన్ పిల్లవాడే అయిన చాప్లిన్ 1914 నుంచి అక్కడి తెర మీద వెలిగాడు. హెప్‌వర్త్ సంస్థ 1924లో దివాలా తీసింది. ఆయన నెగటివ్‌లను కరిగించి విమానాల రెక్కలకు పూసే పూతగా వాడారు.

ఇది చూశాక ఏవి చూడాలి?

ముందు ‘రెస్క్యూడ్ బై రోవర్’. ఏడు నిమిషాలే. కుక్క వెళ్ళిన దారినే వెనక్కి వచ్చే షాట్ల వరుసను గమనించండి, కథనం అనేది అక్కడ ఎలా రూపు దిద్దుకుందో తెలుస్తుంది. తర్వాత మిచెల్, కెన్యన్‌ల మిల్లు గేటు చిత్రాలు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ యూట్యూబ్‌లో కొన్ని ఉచితంగా పెట్టింది. సమయం ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం మీద తీసిన డాక్యుమెంటరీ ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ కూడా. 1916లో ఆరు వారాల్లో సుమారు రెండు కోట్ల టిక్కెట్లు అమ్ముడైన చిత్రం అది. సంతల వినోదంగా మొదలైనది ఇరవై ఏళ్ళలో ఎంత దూరం వచ్చిందో అందులో తెలుస్తుంది. వీటిని చూసి మళ్ళీ ‘ఫ్లికర్స్’ మొదటి భాగం పెట్టుకుంటే, ఆర్నీ మాటల్లో మొదటిసారి జారిపోయిన వ్యాపార వివరాలు ఒక్కొక్కటిగా చెవిన పడతాయి.